మైకు సెట్టువాడి రాత్రి

కాశీబుగ్గ, మార్కెట్ వెనక ఖాళీ జాగా.
నాలుగు బాక్సులు, రెండు మైకులు, గురకపెట్టే జనరేటరు.
గొంతుల్ని సరిచెయ్యడం నా పని.

తవిటినాయుడు జముకు మీటి
తను కట్టిన పాటే ఎత్తుకున్నాడు,
తుఫాను పడుకోబెట్టిన జీడితోట మీద.
చప్పట్లు బాగానే పడ్డాయి.

తర్వాత దాలమ్మ.
పొద్దున్నించీ పిక్కలు కొట్టి వచ్చింది.
జీడి తినేసిన నల్లటి వేళ్లతో
కాలే గిన్నెను దించినట్టు
కొనలతో పట్టుకుంది మైకుని.
"రాసుకోనేదు బాబూ,
మతికున్నకాడికి పాడతాను."

రెండో చరణంలో మాట తప్పిపోయింది.
వెతుక్కుంది.
జనరేటరొక్కటే పాడుతోంది.
తగ్గిద్దామని మీట మీద వేలు పెట్టాను.
అంతలో వెనక,
డ్యూటీ చీరల్లోనే వచ్చి కూర్చున్న ఆడాళ్లలోంచి
ఎవరో అందించారు ఆ మాట.
దాని తర్వాతది ఇంకొకరు.
పిక్కల బల్లల దగ్గర పుట్టిన పాటట,
సగం సగం అందరి దగ్గరా ఉందట.

నా మైకులకి అందనంత దూరంనించి
వస్తోంది పాట.
ఏ మీట తిప్పాలో తెలీక
చేతులు ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను.

అర్ధరాత్రి సామాను సర్దుతుంటే
మైకు మెడ మీద జీడి మరక.
కిరసనాయిలు పెట్టి తుడిచాను, పోలేదు.
రేపు టెక్కలిలో పెళ్లి.
పెళ్లివారు అడుగుతారు, ఇదేటని.