అల గీసే నౌకరి

ఇయ్యాల గాలి లేదు సదయ్యా.
పాకాల మొత్తం అద్దమోలె పన్నది.
సూసేటోనికి సక్కదనం,
దిగేటోనికి ఇదే గండం.

పైనుంచి నీళ్ళు కానరావు, మబ్బే కానొస్తది,
కింద గూడ మబ్బే.
యాభై అడుగులున్నయో అయిదున్నయో తెల్వదు.
ఇంకా ఉన్నదనుకుంటడు,
అప్పటికే అయిపోయి ఉంటది.

అందుకే మనకీ జీతం.
పడవేసుకొని కట్ట నుంచి మోదుగుల దాక
అడ్డంగ రెండు సాల్లు కొట్టు.
నాగలి పట్టిన చేతికి వేరే నేర్పాల్నా?
దున్నిన నీళ్ళు కండ్లకు ఆనుతయి.

కప్ప ఇమానం అంటరు దాన్ని ఊర్లల్ల.
ఇద్దరు పట్టేటంత, నెత్తి మీద ఇంజను,
నేలకు చక్రాలు, నీళ్ళకు కడుపు.
రెండు తావులల్ల బతికేదానికి
రెండు తీర్ల సావు.

మొదటి దెబ్బకు నేను లేను.
పుష్యమాసం, పొద్దుగాల, ఇసొంటి నీళ్ళే.
ముక్కు గుద్దుకొని ఎడమరెక్క కింది బుడ్డి ఊడింది.
కెప్టెన్ పళ్ళు రెండు మీటర్ల డబ్బా కాడ దొరికినయట.
జకరయ్య రిజిస్టరుల రాసిండు,
కాజీపేట లోకోషెడ్డు నేర్పిన గుండ్రటి రాతతోని:
"నీరు నిశ్చలముగా నుండుటచే ఎత్తు తెలియలేదు."
పళ్ళ సంగతి రాయలే.

రెండోది చెప్తే నవ్వుతవు.
దాని కడుపుకు ఒక బిరడ.
దిగినంక తియ్యాలె, ఊరిన నీళ్ళు కార్పాలె, మళ్ళ బిగియ్యాలె.
తీసినోడు చాయ్‌కు పోయిండు.
లేవనీకి ఉరికింది, ఉరికింది,
సూడి బర్రె లెక్క పోయి తుంగల కూసుంది.
రిజిస్టరుల రెండే మాటలు: "బిరడా మరచిరి."
ఎవరని లేదు. ఆ మర్యాదున్నది జకరయ్యకు.
అప్పటిసంది తీసిన బిరడను
తాళంచెవికే తగిలిస్తడు.

మూడోదానికి నేనున్న.

మామునూరుల చక్రాల మీద లేసి
నీళ్ళ మీదికొచ్చింది,
చక్రాలు అట్లనే యాలాడుతున్నయి.
పడవల లేసి నిలబడి తెడ్డు ఊపిన, ఒర్లిన.
వాండ్లేమనుకున్నరో,
రెక్కలాడిచ్చి దండం పెట్టిండ్రు.

చక్రం తాకుడు, బోర్ల పడుడు.
నడుమ ఏం లేదు.

రొమ్ము దాక గూడ లేవక్కడ నీళ్ళు.
లోపటికి చెయ్యి పెడితే బెల్టు దొరికింది,
వల కోసే కత్తితోని కోసిన.
నేర్చుకునే పిల్ల, హన్మకొండ నుస్రత్,
దగ్గుకుంట బయటికొచ్చింది.
రెండో బెల్టు కోసేటాల్లకు
కోసినా కోయకున్నా ఒకటే అయింది.

కులకర్ణి సారుకు మన మాట రాదు.
నన్ను సూసినప్పుడల్ల
"నీళ్ళు బాగ?" అని అడుగుతుండె.

జకరయ్య పదకొండు రోజులు కలం ముట్టలే.
ముట్టినంక రాసింది: "చక్రములు దించి యుండెను."
దాని కింద గీత కొట్టి,
మండిబజారుకు పోయి ఆటో అద్దం ఒకటి కొన్నడు.
రెక్క బుడ్డికి బిగిస్తే కూసున్నకాడికెల్లే చక్రాలు కానొస్తయి.
మీటర్ల పక్కన లారీ అక్షరాలతోని రంగేసిండు:
నీళ్ళా? నేలా?

ఇప్పుడు నడిపేది నుస్రతే.
దిగే ముందల రేడియోల అంటది,
"నీళ్ళు. చక్రాలు పైకి."
మనం సూసి, "పైకే" అనాలె.
మనం అనందాక దిగదు,
చమురు ఒడిసినా సరే సుట్టూత తిరుగుతది.
తెడ్డు ఊపుడు బందయింది ఆనాటి నుంచి.

తొమ్మిదేండ్లాయె, రిజిస్టరు ఖాళీ.
జకరయ్యకు కండ్లు ఆనుతలేవు.
అయినా నెలకోపాలి వచ్చి పేజీలు తడుముతడు,
తనకు తెల్వకుంట ఎవలన్న ఏమన్న రాసిండ్రేమోనని.

అగో, నర్సంపేట దిక్కు సప్పుడు.
పో.
సాలు వంకరవోయినా ఏంగాదు, అల లేవాలె.
ఆమె అడుగుతది. సూసినంకనే చెప్పు,
సూసిన అనుకొని చెప్పకు.

ఆగు.
నడుముకు కత్తున్నదా?