సి బోగీ

క్రూ స్టేషన్ దాటాక ఒక పెద్దమనిషి
నా చెయ్యి పట్టి ఆపినంత పని చేశాడు.
"ఆ అమ్మాయికి కాస్త చెప్పండి"
గొంతు తగ్గించి, దొంగని చూపిస్తున్నట్టు.

చూశాను.
కిటికీ పక్కన ఇరవై రెండేళ్ల పిల్ల,
కాళ్ల దగ్గర తడి గొడుగు,
కోటుకి రెండే రెండు గుండీలు తీసి ఉన్నాయి.
బిడ్డది చెవి ఒక్కటే కనబడుతోంది,
గుటకకోసారి కదులుతూ.

ఇతని బల్ల మీద బేకన్ శాండ్‌విచ్,
మీసానికి ఎర్రటి సాస్.
టాయిలెట్‌లోకి పోయి తినమని
ఇతనికెవరూ చెప్పలేదు.

నేను పోయాను, అయిదేళ్ల కిందట.
ప్రెస్టన్‌లో డ్యూటీ మధ్య, మాప్ బకెట్ పక్కన నిలబడి
పిండిన పాలు సింకులో పారబోశాను.
బయట ఎవరో తలుపు బాదుతుంటే
"సారీ, ఒక్క నిమిషం" అన్నాను.
యూనిఫాం జేబు మీద మరక
లాంకాస్టర్ దాకా ఆరలేదు.

"మీ టికెట్ సార్."
వెతికి వెతికి తీశాడు.
"ఇది తొమ్మిదిన్నర తర్వాతి బళ్లకే చెల్లుతుంది.
ఫైన్ రాయాలి. ఈసారికి వదిలేస్తున్నా."
శాండ్‌విచ్ కాగితం మడతపెట్టడంలో
చాలాసేపు మునిగిపోయాడు.

ఆ పిల్ల దగ్గరికి వెళ్లేసరికి
కంగారుగా కోటు లాక్కుంది,
ఒంటిచేత్తో సంచీ తడుముతూ "సారీ" అంది.
"ఉండమ్మా, వాణ్ణి తాగనీ,
టికెట్ ఎక్కడికి పోతుంది!"
తెలుగులోనే వచ్చేసింది నోటికి.

అర్థమైందో లేదో,
కోటు వదిలేసింది.