ఆరు మూలల గది

డోన్ రోడ్డు దిగి, సున్నపు బట్టీలు దాటితే
మా షెడ్డు.
పాత టైర్లు లారీల్లో వస్తాయి,
నూనెగా పోతాయి.
మధ్యలో ఉండేది మేము.

బానలో వేసి, గాలాడకుండా మూసి
నాలుగొందల డిగ్రీల్లో ఉడకబెడితే
రబ్బరుకు దాని పుట్టుక గుర్తొస్తాది.
ఎన్నడో భూమి కడుపులోనుంచి తోడిన నూనే గదా,
మళ్ళీ నూనైపోతాది.
బట్టీలోళ్ళు పీపాలెక్కన కొని మండిస్తారు.
తెల్లటి సున్నం.
మీ గోడకు వేసింది కూడా.

రేత్రి బాన మూత తీసేది మద్దిలేటి పని,
మసి ఎత్తేది నా పని.
పారతో సంచిలోకి ఎత్తుతుంటే
మసి కింద పడదు. లేస్తాది.
యాడ మడత దొరికితే ఆడ కూచుంటాది,
చెవిలో, బొడ్డులో, గోరు కింద.
సర్ఫు, కిరసనాయిలు కలిపి రుద్దినా
తెల్లారేసరికి తలగడ మీద నా ముఖం అచ్చు.

కొత్తోళ్ళు వాసన చెడ్డదంటారు.
అది గంధకం, పైపైదే, కుళ్ళిన గుడ్డు కంపు,
ముక్కు దాన్ని తిట్టి మర్చిపోతాది.
అడుగున ఇంకోటుంది,
తియ్యగా,
మాగిన పండును గుడ్డలో కట్టి పెట్టినట్టు.
మద్దిలేటికి అదంటే ఇష్టం.
మూత తీసి ఒక గుక్క పీల్చి
"తల తేలికైతాది దస్తగిరమ్మా" అనేవాడు.

ఇంటరు చదివే వాళ్ళ సుంకమ్మ
నోటుబుక్కులో దాని బొమ్మ చూపిచ్చింది.
ఆరు మూలలు. లోపల ఒక సున్నా.
"బెంజీను, నాయనా."
తేనెపట్టులో ఒక్క గదిలా ఉంది.
ఇట్లాంటివే నాలుగో అయిదో అతుక్కొని
మసిలో, తారులో ఉంటాయంట,
వాటి పేర్లు నోరు తిరగవు.
మద్దిలేటి చానాసేపు చూసి
"ఇంత చిన్న గదిలో ఎవరుంటారు పాపా?" అన్నాడు.
సుంకమ్మ పేజీ తిప్పింది.
ఆ ప్రశ్న పరీక్షలో రాదు.

ఎండాకాలంలో చిగుళ్ళనుంచి రక్తం.
తొడల మీద ఎవరూ కొట్టని కమిలిన మచ్చలు.
కర్నూలు పెద్దాసుపత్రిలో
తుంటి ఎముకలోకి సూది దించి మూలుగ తీసినారు.
పొట్టేలు ఎముక కొరికి జుర్రేటోడు ఆయన, నవ్వినాడు:
"నాది ఎవడు జుర్రినాడో చూడండి సారూ."
ఏం పని చేస్తావని డాక్టరు అడగలేదు.
బీడీ తాగుతావా అన్నాడు.
తాగుతాడు.
రాసుకున్నాడు.

నేలబొగ్గుకు రాక్షసి బొగ్గని పేరు పెట్టినోళ్ళెవరో
తెలిసినోళ్ళే.
మా ఓనరు బిల్లు మీద
"హరిత ఇంధనం" అని రాస్తాడు,
పచ్చ సిరాతో కూడా కాదు.

ఇప్పుడు మూత తీసేది నేను.
రోజుకు నూటయాభై ఎక్కువ.
పైట మూతికి చుట్టుకొని, గాలివాటం చూసుకొని
ఊపిరి బిగబట్టి లెక్కపెడతా.
ఒకటి, రెండు, మూడు,
నాలుగు, అయిదు.
ఆరు దాకా ఆగదు.