సెనీసాకి ఎంత పెట్టాలి

మిరేయా తాళంచెవి ఇచ్చి
రెండు చేతులతో నా గుప్పిట మూసింది.
"పదకొండు రోజులే, దొన్ నిబాల్దో.
అన్నీ కాయితం మీద రాశాం."

రాశారు. ఇద్దరూ రాశారు.
నీలం సిరా ఆమెది, గుండ్రంగా, ఓపిగ్గా.
పెన్సిలు ఒర్లాందోది, గోడకి మేకు దిగ్గొట్టినట్టు.
నీలం అంటుంది: పొద్దున నిండు డబ్బా.
పెన్సిలు అంటుంది: సగం. ఇప్పటికే పీపాలా ఉంది.
పడగ్గది తలుపు తీసి ఉంచండి, నీలం.
మూసెయ్యండి, బొచ్చు, పెన్సిలు.
కాసేపు దానితో మాట్లాడండి, అంది నీలం.
దానికి మాత్రం పెన్సిలు ఏమీ అనలేదు.

ముప్ఫై నాలుగేళ్ళు వల్పరైసోలో
ఈ కొండకి పెట్టెబండి నడిపిన వాణ్ణి.
ఇనప తాడుకి ఈ కొసన ఒకటి ఎక్కాలంటే
ఆ కొసన ఒకటి దిగాలి.
రెండూ కలిసి ఎక్కడం నేనెప్పుడూ చూడలేదు.
నడిమధ్యలో మాత్రం, ఒక్క క్షణం,
కిటికీకి కిటికీ ఎదురై
పిల్లలు చేతులూపుకునేవాళ్ళు.

మొదటి రోజు పిల్లి కనపడలేదు.
రెండో రోజూ అంతే.
మంచం కింద మోకాళ్ళ మీద వెతికాను,
బీరువా మీది టోపీల పెట్టెలో,
బట్టలుతికే మిషన్ కడుపులో.
కాలుగాలిన పిల్లి అంటారే,
ఆ ఇంట్లో అలా తిరిగింది నేను.
పేరూ బూడిదే, రంగూ బూడిదే,
సందె చీకట్లో దాన్నెక్కడని పట్టుకోను?
గిన్నె ఖాళీ అవుతోంది.
ఇసక పళ్ళెంలో తవ్విన గుర్తులు.
అంటే ఉంది. నాకే లేదు.

చిలోయె దీవి నుంచి ఫోను, వెనక వాన హోరు.
"బాగుందా?"
"బ్రహ్మాండంగా ఉంది."
"తింటోందా?"
"ఎంత పెడితే అంత."
ఎంత పెడుతున్నానో ఆమె అడగలేదు.
"ఒర్లాందో ఏం చేస్తున్నాడు?"
"వాన చూస్తున్నాడు" అంది.
చాలాసేపు నేనూ ఆ వాన విన్నాను.

ఒక రోజు నిండు డబ్బా, ఒక రోజు సగం.
పడగ్గది తలుపు అరచెయ్యంత తెరిచి.
మనిషన్నాక ఇద్దరికీ మాట పోకూడదు కదా.

అయిదో రాత్రి మాట్లాడాను.
స్టేషన్లో కేకేసే ముందులా గొంతు సవరించుకుని
ఖాళీ సోఫాకి చెప్పాను:
రేవులో నాలుగు ఓడలున్నాయి,
మెర్లూసా చేప మళ్ళీ పిరమైంది,
చివరిసారి బండెక్కినావిడ ఉల్లిపాయల బస్తాతో ఎక్కింది.
తాడు ఆపేశాక ఒక పెట్టె పైనే ఉండిపోయింది,
ఒకటి కిందే. తుప్పు పడుతూ.
వాటిని ఒకచోటికి చేర్చే పని
ఎవరికీ అప్పజెప్పలేదు.
సోఫా ఊ కొట్టలేదు గానీ
లోపల్నించి, ఏదో,
దూరాన పడవ ఇంజను లాంటి గురగుర.

ఆగింది. నేనూ లేచాను.

ఏడో రోజు కాఫీ ఒలికి కాయితం తడిసింది.
ఆరబెడదామని తిప్పితే
వెనక, అడుగున, పెన్సిలుతో,
ఈసారి మేకుల్లా కాదు, సన్నగా:
రాత్రిళ్ళు నా స్వెట్టర్ల సొరుగులో పడుకుంటుంది.
మూడోది. పూర్తిగా మూయకండి.
మిరేయాకి చెప్పకండి.

మూడో సొరుగు.
ఆకుపచ్చ ఉన్ని మీద
రెండు పసుపు కళ్ళు
టికెట్టు అడిగినట్టు నన్ను చూశాయి.
ఆ స్వెట్టరు నిండా బొచ్చు,
ఒక్క వారానిది కాదు, ఏళ్ళది.

పదకొండో రోజు పొద్దున్నే
గిన్నె కడిగి, ఇసక మార్చి,
తాళంచెవి వంటగది బల్ల మీద పెట్టాను.
పక్కన కాయితం, కాఫీ మరకతో సహా,
చక్కెర డబ్బా బరువు పెట్టి.

చెప్పొద్దన్నాడు, చెప్పలేదు.
వెనక వైపు పైకి ఉంచానంతే.

మధ్యాహ్నం మెట్ల మీద వాళ్ళ సూట్‌కేసు చక్రాలు
ఒక్కో మెట్టుకీ దబ్ దబ్ మంటూ ఎక్కాయి.
నేను కిటికీ దగ్గర కూర్చుని
రేవులో ఓడలు లెక్కపెట్టాను.
నాలుగు. కాదు,
అయిదు.