చేప కడుపు

తెల్లారి నాలుగింటికి
మత్రా చేపల బజారులో
రాజమల్లు కత్తి ఆగుతుంది.
ప్రతి వంజరం కడుపూ
వేళ్లతో ఓసారి వెతికి గానీ పారెయ్యడు.

కథలో ఇంతే రాశాను:
"ఇవాళ కూడా ఏం దొరకలేదు."

"ఏం దొరకాలె?" అడిగాడు గదిలో కుర్రాడు.
"కింద ఒక ముక్క రాయన్నా, అర్థమైతది."

రాయలేదు.
పై మంచం మీది కోజికోడ్ మాధవన్‌కి
నా వచ్చీరాని మలయాళంలో చదివి వినిపించాను.
నవ్వబోయి, ఆగి,
తన వేలు చూసుకున్నాడు.
తెల్లటి గీత. మొన్ననే అమ్మాడు.

ఆ రాత్రి రాజమల్లు ఇంటికి ఫోను చేస్తే
మూడేళ్ల బిడ్డ ఎత్తి
"ఎవలు?" అన్నది.

ఆ మాట కథలో చేర్చలేదు.
అప్పటికే అక్కడుంది.