ఒక వాయి, ఇరవై లెక్కలు

ఐలార్ గోడకి అంటించిన టైంటేబుల్
మూడు రంగుల్లో ముస్తాబై
నాలుగో రోజుకే నీరుగారింది.
తబ్రీజ్ చలిలో అలారం మోగితే
దుప్పట్లోంచి చెయ్యి మాత్రమే లేచేది.

నేనేమీ అనలేదు.
కొంకూర్ రెండుసార్లు తప్పినవాణ్ణి,
నా నోటికి సలహాలు నప్పవు.
మూడున్నరకి కొట్టుకి బయల్దేరుతూ
దాని కిటికీ మీదికి
పొయ్యిలోని గులకరాయొకటి విసిరాను, అంతే.

ఇప్పుడు పిండిబస్తాల మీదే దాని బడి.
పిండి పొంగేలోపు రసాయనశాస్త్రం,
మొదటి వాయి దిగేలోపు ఇరవై లెక్కలు.
కాలే రాళ్ల మీంచి సంగక్ రొట్టె లాగుతూ
"అయ్యాయా?" అని అరుస్తాను.
"ఇంకొక్కటే!" అంటుంది.
ఒక్కోసారి అబద్ధం.

శుక్రవారం మాత్రం నిద్రపోనిస్తాను.

నిన్న రొట్టెకి అంటుకున్న రాళ్లు ఏరి
తప్పిన లెక్కకొకటి చొప్పున బల్ల మీద పేర్చింది.
ఏడు.
మొన్న పదకొండు.
చూడనట్టే చూసి
"చల్లారుతోంది, తిను" అన్నాను.

దాని పుస్తకం అంచుల నిండా పిండి వేలిముద్రలు.
కొన్ని నావి.
అది పడుకున్నాక నేనూ తెరుస్తున్నానని
ఇంకా చెప్పలేదు.