తలకట్టు

కార్డిఫ్ రికార్డు గదిలోకి
పెన్సిలు తప్ప ఏదీ తేనివ్వరు.
మెత్త మీద పడుకోబెట్టిన ఓడ చిట్టా,
పద్దెనిమిది వందల తొంభై మూడు, నవంబరు.

సూచికలో నువ్వు లేవు.
ఏబెల్ సార్నీ అని ఒకడున్నాడు,
ఊరు బర్మింగ్‌హామ్, పని వ్యవసాయం.

టైపు చేసినవాళ్ళని తప్పుపట్టను.
గుమాస్తా విన్నదే యాపిల్ సామీ.
ఆపైన ఆ చేతిరాత!
ఎమ్ విడిపోయి ఆరూ ఎన్నూ అయింది,
బిమ్లీపటం గీత కింద నలిగి
ఇంకో ఊరై తేలింది,
బాయిలర్లో బొగ్గెత్తిన చేతికి
నాగలిచ్చారు.

అప్పలసామీ,
మూడేళ్ళు వెతికాను,
ఏ కింద, ఎస్ కింద,
చివరికి మునిగినవాళ్ళ కింద కూడా.
వాసుపల్లి వారమని అమ్మమ్మ అనేది.
ఆ మాట ఏ పేజీలోనూ లేదు.

సంతకం గడికి సూచిక చెప్పింది:
ఏమీ లేదు, ఒక టిక్కు.

భూతద్దం జరిపాను.
టిక్కు కింద, సిరా చాలక వెలిసి,
నోరు తెరిచిన చిన్న గిన్నె.

టిక్కు కాదది.
తలకట్టు.

అ చెరిగిపోయిందేమో. ప దాకా వచ్చావు.
వెనక వరసలో ఎవరో తోసి ఉంటారు.

మిగతా పేరు నేను రాద్దామని
పెన్సిలు పట్టి వంగాను, నా కాగితం మీదే.
చెయ్యి ఆగింది.
ఆ వత్తు
నువ్వెటు తిప్పేవాడివో.